పాప ఆండీస్‌లో, మేము ఉదయగిరిలో

ఆదివారం, నెల్లూరు

మా అక్క కూతురు అకాంకాగ్వా ఎక్కడానికి వెళ్లింది. ఆసియాను పక్కన పెడితే ప్రపంచంలో అంతకు మించిన ఎత్తయిన కొండ ఇంకోటి లేదు. 6,961 మీటర్లు. ఉండేది దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల్లో, అర్జెంటీనా వైపు, చిలీ సరిహద్దుకు దగ్గర్లో. ఎవరెస్ట్‌కున్నంత పేరు దీనికి లేకపోవడంతో సంక్రాంతికి వచ్చిన చుట్టాలందరికీ బావ మొదటి నుంచి చెప్పుకురావాల్సి వచ్చింది. "అకాం... ఏంది?" అని అడిగీ అడిగీ విసిగిస్తుంటే చివరికి "అమెరికా కింద ఉండే పెద్ద కొండ" అని తేల్చేశాడు.

టీమ్‌లో మనవాళ్లు ఇంకెవరూ లేరు. పోలండ్ నుంచి మొగుడూ పెళ్లాం, బ్రెజిల్ నుంచి ఒక డాక్టరు, జపాన్ నుంచి అరవై దాటిన పెద్దాయన, కెనడా కుర్రాళ్లు ఇద్దరు, స్పెయిన్ అమ్మాయి ఒకతి, మా పాప. నడిపించేది అర్జెంటీనా గైడ్లు ఇద్దరు. మెండోసా ఊళ్లో పర్మిట్లు తీసుకుని, ఓర్కోనెస్ లోయలో నడిచి, ఇప్పుడు ప్లాసా దె ములాస్ అనే బేస్ క్యాంపులో ఉన్నారు. అది 4,300 మీటర్ల ఎత్తు. అందాకా సామానంతా కంచరగాడిదలు మోస్తాయి, అక్కడి నుంచి ఎవరి మూట వాళ్లదే.

రాత్రి వైఫైలో ఫోన్ చేసింది. డబ్బులు కట్టి వాడుకునే వైఫై, కాబట్టి గబగబా మాట్లాడింది. ఆ రోజు డాక్టర్ల పరీక్ష అయింది. అక్కడ పార్కు డాక్టర్లు బీపీ, ఊపిరితిత్తులు, వేలికి క్లిప్ పెట్టి ఆక్సిజన్ చూసి, సరే అంటేనే పైకి వదులుతారు. పాపకు ఆక్సిజన్ 84 వచ్చింది. నెల్లూరులో ఎవరికైనా ఆ నంబరొస్తే అంబులెన్స్ పిలుస్తాం. అక్కడ దానికి 'బాగుంది' అన్నారట. బ్రెజిల్ డాక్టరుకు మాత్రం బీపీ దిగలేదు, ఆయన్ను వెనక్కి పంపేశారు. ఊళ్లో రోజూ పదిమంది బీపీ చూసే మనిషి, తన బీపీ దగ్గర ఆగిపోయాడు.

శిఖరం ఎక్కేది శుక్రవారం అని ప్లాన్. గాలి తగ్గుతుందని సూచన ఉంది.

"అప్పటిదాకా ఇంట్లో కూర్చుంటే నాకు పిచ్చెక్కుద్ది అబ్బయ్యా, రేపు బయల్దేరదాం" అన్నాడు బావ. ఎక్కడికంటే, పాప ప్రాక్టీసు చేసిన కొండలకు. పోయిన ఏడాది శనాదివారాల్లో బెంగళూరు నుంచి వచ్చి అది ఎక్కిన కొండలన్నీ మన వెలికొండలే. కూతుర్ని కింద దించి కార్లో కూర్చునేవాడే గాని బావ ఒక్క కొండా ఎక్కలేదు. అక్క రానంది. ఇల్లు, పూజ, ఫోన్ ఛార్జర్ తను చూసుకుంటానంది.

సోమవారం, సంగం

బుచ్చిరెడ్డిపాళెంలో ఆగి పులిబొంగరాలు తిన్నాం. పండగ అయిపోయినా రోడ్డు మీద ఇంకా పెద్ద పెద్ద బ్యాగులతో జనం, హైదరాబాద్, చెన్నై బస్సుల కోసం. సంగం దగ్గర పెన్న నిండుగానే ఉంది, బ్యారేజీ వచ్చాక నీళ్లు నిలుస్తున్నాయి. సంగమేశ్వరుడి దర్శనం చేసుకుని గాంధీ జనసంగం వైపు మళ్లాం.

మల్లి మస్తాన్‌బాబు పుట్టిన ఊరది. నెల్లూరు జిల్లాలో పెరిగిన ఎవరికైనా ఆ పేరు తెలుసు. కానీ ఆయన ఏం చేశాడని అడిగితే "ఎవరెస్ట్ ఎక్కినాయన" అని ఆపేస్తారు. ఆయన చేసిన దాంట్లో ఎవరెస్ట్ ఏడో వంతు. 2006లో ఏడు ఖండాల్లోని ఏడు ఎత్తయిన శిఖరాలను 172 రోజుల్లో ఎక్కేశాడు. జనవరి 19న అంటార్కిటికాలో విన్సన్‌తో మొదలుపెట్టి, జులై 10న అలస్కాలో దెనాలితో ముగించాడు. మధ్యలో ఫిబ్రవరి 10న అకాంకాగ్వా. కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివి, జంషెడ్‌పూర్‌లో ఇంజినీరింగ్, ఖరగ్‌పూర్ ఐఐటీ, కలకత్తా ఐఐఎం దాటి, ఆ చదువుతో వచ్చే జీవితాన్ని పక్కనపెట్టి కొండలు పట్టుకున్న మనిషి.

బావకు ఇంకో లెక్క తెలుసు, కార్లో వేళ్ల మీద అప్పజెప్పాడు. గురువారం విన్సన్, శుక్రవారం అకాంకాగ్వా, బుధవారం కిలిమంజారో, శనివారం కోసియుస్కో, ఆదివారం ఎవరెస్ట్, మంగళవారం ఎల్బ్రస్, సోమవారం దెనాలి. ఏడు కొండలు, ఏడు వేర్వేరు వారాలు. నేను ఫోన్‌లో క్యాలెండర్ తీసి చూశాను, నిజమే. "మన పాపదీ శుక్రవారమే" అన్నాడు బావ. ఆ మాట వారమంతా ఆయన్ను మోసింది.

ఊళ్లో టీ కొట్టు దగ్గర ఒక పెద్దాయనతో మాట కలిసింది. 2015 ఏప్రిల్ చివర్లో అంత్యక్రియలకు వచ్చిన జనాన్ని ఆయన ఇంకా మర్చిపోలేదు. మస్తాన్‌బాబు పోయింది కూడా ఆండీస్‌లోనే, ట్రెస్ క్రూసెస్ సుర్ అనే శిఖరం దగ్గర. మార్చి 24న ఒంటరిగా పైకి వెళ్లి వాతావరణం చెడి తిరిగి రాలేదు. ఏప్రిల్ మొదట్లో దొరికాడు. ఆ కొండ అకాంకాగ్వాకు ఉత్తరాన చాలా దూరంలో ఉంది. అయినా పెద్దాయన "మీ పాప పోయింది ఆ కొండలకేనా?" అని అడిగేసరికి బావ గ్లాసు కింద పెట్టి, "అది వేరే కొండ, టీమ్‌తో పోయింది, గైడ్లు ఉండారు" అని మూడు సమాధానాలు ఒకేసారి చెప్పాడు.

సాయంత్రం ఆత్మకూరు దాటాక మెసేజ్ వచ్చింది. బేస్ క్యాంపు పైన ఫోన్లు పని చేయవు, శాటిలైట్‌తో పని చేసే చిన్న పరికరం ఉంటుంది. చిన్న చిన్న మెసేజ్‌లు పంపొచ్చు. పది నిమిషాలకోసారి మనిషి ఉన్న చోటును మ్యాప్ మీద చుక్కగా చూపిస్తుంది. "ప్లాసా కనడాకి బయల్దేరాం. 5,000 మీటర్లు. బరువు 16 కిలోలు." అక్కడికి వాళ్లు నిన్ననే ఒకసారి వెళ్లి సామాను పెట్టి దిగొచ్చారు. పైకి మోసుకెళ్లడం, కిందికొచ్చి పడుకోవడం, మళ్లీ వెళ్లి ఉండిపోవడం, ఇదీ పద్ధతి. ఒకే కొండను రెండుసార్లు ఎక్కడమేంటని బావకు మొదట్లో కోపం. మోత తేలికవడం ఒక్కటే కాదు కారణం, ఒళ్లు ఆ గాలికి అలవాటు పడాలి.

మంగళవారం, ఉదయగిరి

చీకటితోనే దుర్గం ఎక్కడం మొదలుపెట్టాం. ఉదయగిరి కొండ 3,079 అడుగులు, మీటర్లలో 940కి కాస్త తక్కువ. మెట్లు కొంత దూరమే సవ్యంగా ఉంటాయి, తర్వాత రాళ్లు, ముళ్లకంప, కూలిన బురుజులు. బావకు అరవై రెండేళ్లు. పది మెట్లకోసారి ఆగి ఊరి వైపు చూసేవాడు, చూడటానికే ఆగినట్టు.

సగం దారిలో మేకలు కాసే ఆయన కలిశాడు. మేం ఫలానా అమ్మాయి తాలూకు అని చెప్పగానే నవ్వాడు. "నీళ్లు మోసుకొచ్చి పైన పారబోసే పిల్లేగదా!" అన్నాడు. నిజమే. పాప బ్యాగులో పదిహేను లీటర్ల నీళ్ల క్యాన్లు పెట్టుకుని ఎక్కి, పైన పారబోసి ఖాళీ బ్యాగుతో దిగేది. ఎక్కేటప్పుడు బరువు కావాలి, దిగేటప్పుడు మోకాళ్లు దెబ్బతినకూడదు, అందుకని. మేకలాయనకు అది మాత్రం అన్యాయంగా తోచింది. "ఎండాకాలంలో గూడా పారబోసింది సామీ. నా మేకలకైనా పోయమంటే ఆ తర్వాత్నించి పోసేది."

పైకి చేరాక మసీదు పక్కన గోడ నీడలో కూర్చున్నాం. ఈ కోటను గజపతుల దగ్గర్నుంచి పట్టుకోవడానికి కృష్ణదేవరాయలు ఏడాదిన్నర ముట్టడి వేశాడు. 1514లో చేజిక్కింది. ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపికి తీసుకెళ్లి గుడి కట్టించాడు. అంత సైన్యం ఉన్న రాజు ఏడాదిన్నర కింద కాచుకుని కూర్చున్నాడంటే, కొండ ఎంత నిట్రమో ఎక్కినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

కానీ నిజం చెప్పాలంటే ఉదయగిరి పాప కాళ్లను తయారు చేసిందే గాని ఊపిరిని కాదు. ఇక్కడ పైన గాలి ఒత్తిడి సముద్రమట్టం కంటే దాదాపు పదో వంతు తగ్గుతుంది, అంతే. పాప ఆ రోజు వెళ్తున్న నీదో దె కోందోరెస్ క్యాంపు 5,550 మీటర్లు. అక్కడ ఒత్తిడి సగం. పీల్చే ప్రతి ఊపిరిలో మనకు దొరికేదాంట్లో సగం ఆక్సిజనే. దానికి ఏ వెలికొండ ఎక్కినా అలవాటు రాదు. నెల్లూరు వాడికైనా నార్వే వాడికైనా అక్కడికెళ్లి, రోజుల తరబడి ఉండి, రోజుకు నాలుగు లీటర్ల నీళ్లు తాగుతూ, తలనొప్పి తగ్గేదాకా ఓపిక పట్టడమే దారి. మన పేపర్లు ఇలాంటి వార్త రాస్తే 'మొక్కవోని ధైర్యం' అంటాయి. నేను చూసినంతవరకు దీంట్లో ధైర్యం కంటే నీళ్లు తాగడం ఎక్కువ.

దిగేటప్పుడు బావ మోకాలు పట్టేసింది. మధ్యాహ్నం రెండు దాటింది కిందికొచ్చేసరికి. లాడ్జిలో జండూబామ్ పూస్తుంటే, "పదిహేను లీటర్లు..." అన్నాడు. అంతకుమించి ఏం అనలేదు.

బుధవారం, ఉదయగిరిలోనే

ఒకే మెసేజ్. "గాలి. టెంట్‌లోనే ఉన్నాం. మంచు కరిగించి నీళ్లు. అన్నం ఉడకలేదు."

అన్నం ఎందుకు ఉడకదని అక్క ఫోన్ చేసి నన్నడిగింది. ఎత్తు పెరిగేకొద్దీ నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి. బేస్ క్యాంపులోనే 86 డిగ్రీల దగ్గర మరిగిపోతాయి, పైన ఇంకా తక్కువ. ఎంత మంట పెట్టినా బియ్యానికి అందే వేడి అంతే. "కుక్కర్ తీసుకపొమ్మని నేను చెప్తానే ఉండా" అంది అక్క. శాస్త్రం ప్రకారం అక్కదే కరెక్టు.

బావ మోకాలు వల్ల మేమూ కదల్లేదు. సాయంత్రం బజారుకెళ్లి చెక్క గరిటెలు, ఫోర్కులు కొన్నాం. ఉదయగిరి చెక్క గరిటెలకు జీఐ గుర్తింపు ఉంది, అంటే ఇది ఫలానా ఊరి సరుకే అని ఇచ్చే గుర్తింపు. చుట్టుపక్కల అడవి కర్రతో చేస్తారు, చాలావరకు ఆడవాళ్లే. తీగలాగా అల్లిన పిడి ఉన్న గరిటె ఒకటి బావ తీసుకున్నాడు.

రాత్రి కరెంటు పోతే దోమల్లో కూర్చుని ఆయనకు 1897 కథ చెప్పాను. అకాంకాగ్వా మీదికి మొదటిసారి మనిషి చేరింది అప్పుడే. ఫిట్జెరాల్డ్ అనే డబ్బున్న ఆయన టీమ్ కట్టాడు. ఆయన బ్రిటన్‌కూ అమెరికాకూ చెందిన మనిషి, గైడు మత్తియాస్ జుర్‌బ్రిగ్గెన్‌ది స్విట్జర్లాండ్, మోతగాళ్లలో ఇటలీ వాళ్లున్నారు. ఫిట్జెరాల్డ్ ఎన్నిసార్లు ప్రయత్నించినా ఎత్తు పడక మధ్యలోనే వాంతులతో ఆగిపోయాడు. జనవరి 14న జుర్‌బ్రిగ్గెన్ ఒక్కడే శిఖరం చేరాడు. నెల తర్వాత స్టువర్ట్ వైన్స్, నికోలా లాంతి చేరారు. నాయకుడికి మాత్రం కుదర్లేదు.

"డబ్బులు పెట్టినోడు కిందనే, జీతగాడు పైన" అన్నాడు బావ. "మన చేల్లో గూడా అంతే గదా."

గురువారం, భైరవకోన

సీతారామపురం మీదుగా నెల్లూరు జిల్లా దాటాం. రోడ్డు పక్కన పొగాకు బేళ్లు, కంది, అక్కడక్కడా బత్తాయి. భైరవకోనలో కొండ రాతినే తొలిచి ఎనిమిది గుహాలయాలు చేశారు, అన్నింట్లో శివలింగాలే. పైనుంచి జలపాతం. జనవరి కాబట్టి ధార సన్నగా ఉంది. పాప ఇక్కడ ఎక్కింది జలపాతం పక్క బండలు. దుర్గాంబ ముందు బావ చాలాసేపు నిలబడ్డాడు. పూజారి గోత్రం అడిగి, పేరు అడిగి, ఎందుకని అడిగాడు. బావ కొండ పేరు చెప్పాడు. పూజారి ఒకసారి తడబడి, సంకల్పంలో ఆ పేరును సంస్కృతంలాగా లాగించేశాడు.

కోనలో మా ఫోన్లకు సిగ్నల్ అందలేదు. సి.ఎస్.పురం వైపు వచ్చాక రెండు మెసేజ్‌లు ఒకేసారి పడ్డాయి. మొదటిది: "కెనడా ఒకతనికి కడుపు నొప్పి. రేపు రాడు." రెండోది: "కోలెరా క్యాంపుకి పోతున్నాం. దాదాపు 6,000. రేపు 5 గంటలకి బయల్దేరతాం. చలి మైనస్ 20 అంటున్నారు." వాళ్ల టైముకు మనం ఎనిమిదిన్నర గంటలు ముందుంటాం. వాళ్ల తెల్లవారుజాము ఐదు, మనకు మధ్యాహ్నం ఒకటిన్నర. మధ్యాహ్నం రెండుకల్లా ఎక్కడున్నా సరే వెనక్కి తిరగాలని గైడ్ల నియమం. అది మనకు రాత్రి పదిన్నర. బావ ఈ లెక్కలన్నీ కారు సర్వీసు బిల్లు వెనక రాసుకున్నాడు.

శుక్రవారం, పెంచలకోన, రాపూరు, నెల్లూరు

పెనుశిల లక్ష్మీనరసింహస్వామి దర్శనం పొద్దున్నే అయిపోయింది. శనివారం రద్దీ ఇంకా మొదలు కాలేదు. ప్రసాదం తిని, బావ గడియారం చూసి, "ఇక్కడ సిగ్నల్ లేదు, పోదాం పద" అన్నాడు. ఒకటిన్నరకు మేం రాపూరులో ఒక టీ అంగడి ముందు బెంచీ మీద ఉన్నాం, మ్యాప్ తెరిచి.

చుక్క కదిలింది. ఆ తర్వాత చెప్పుకోడానికి ఏమీ లేదు, ఎందుకంటే చుక్క అంత మెల్లగా నడుస్తుంది. పది నిమిషాలకోసారి తాజా అవుతుంది, ఎత్తు ఇరవై మీటర్లు, పాతిక మీటర్లు పెరుగుతుంది. టీ అంగడాయన కూడా వచ్చి చూడ్డం మొదలుపెట్టాడు. నాలుగు గంటలకు లేచి నెల్లూరు బయల్దేరాం. నేను డ్రైవింగ్, బావ నంబర్లు చదవడం. "ఆరువేల రెండొందల తొంభై... మూడొందల పది..." ఐదు దాటాక 6,380 వచ్చింది. ఇండిపెండెన్సియా అనే పాత చెక్క గుడిసె ఉండే చోటు. బూట్లకు ఇనుప ముళ్ల క్రాంపాన్లు కట్టుకుని ఎండలోకి వచ్చేది అక్కడే.

ఆ తర్వాత ట్రావెసియా, కొండ పక్క వాలులో అడ్డంగా పోయే పొడుగాటి దారి, గాలికి అడ్డేమీ ఉండదు. అక్కడ చుక్క ఇంకా మెల్లగా అయిపోయింది. ఇంటికొచ్చాక అక్క పెట్టిన అన్నం ముందు కూర్చున్నాం గాని ఎవరికీ ముద్ద దిగలేదు. తొమ్మిదికి 6,650. లా క్వేవా, రాతి చూరు కింద ఆగే చోటు. ఇంక మిగిలింది కనలెతా, రాళ్లు జారే వాలు. మూడొందల మీటర్లు.

తొమ్మిదీ పదికి అదే నంబరు. తొమ్మిదీ ఇరవైకి అదే. బావ ఫోన్‌ను ఆపి మళ్లీ ఆన్ చేశాడు. తొమ్మిదిన్నరకు 6,640.

"తప్పు చూపిస్తా ఉందేమో" అన్నాడు.

తొమ్మిదీ నలభైకి 6,610.

"దిగుతా ఉంది" అంది అక్క. "మంచిది." లేచి వెళ్లి దేవుడి దగ్గర దీపంలో నూనె పోసింది. బావ ఏం మాట్లాడకుండా సర్వీసు బిల్లు మడిచి జేబులో పెట్టుకున్నాడు. అర్ధరాత్రి దాటాక మెసేజ్: "టెంట్‌లో ఉన్నా. నాకేం కాలేదు. రేపు చెప్తా."

శనివారం, నెల్లూరు

రాత్రి పదకొండుకు వైఫై కాల్. కోలెరా నుంచి ఒక్క ఊపున బేస్ క్యాంపుకు దిగేశారు. పెదాలు పగిలి, ముక్కు మీద తోలు లేచి, గొంతు బొంగురుగా ఉంది. బావ మొదటి ప్రశ్న: "ఎందుకు తిరిగినావు?"

చెప్పింది. ట్రావెసియాలో పోలండ్ ఆయన అడుగులు అడ్డదిడ్డంగా పడటం మొదలైంది. గ్లవ్ తీసి మళ్లీ వేసుకోలేక చేతికేసి చూస్తూ నిలబడ్డాడు. నీ పేరేంటని గైడు అడిగితే వేరే ఏదో చెప్పాడు. ఎత్తు వల్ల మెదడు వాస్తే కనబడే గుర్తులవి. మందు ఇచ్చినా, అసలు మందు కిందికి దించడమే, అదీ వెంటనే. ఆయనతో ఒక గైడు దిగాలి. పైకి వెళ్లేవాళ్లకు మిగిలేది ఒక్క గైడే. ఆ ఒక్కడు, వేగంగా నడవగలిగే వాళ్లను మాత్రమే తీసుకెళ్లగలడు, మధ్యలో ఇంకొకరు ఆగితే వాళ్లను దించేవాళ్లు ఉండరు కాబట్టి. లా క్వేవాలో అందర్నీ కూర్చోబెట్టి అదే మాట చెప్పాడు. జపాన్ పెద్దాయన, స్పెయిన్ అమ్మాయి, రెండో కెనడా అబ్బాయి పైకి వెళ్లారు, ముగ్గురూ శిఖరం చేరారు. పోలండ్ దంపతులు, పాప కిందికి.

"ఆయనకు బాగలేకపోతే నిన్నెందుకు దించాల?" బావ గొంతు పెరిగింది. "మూడొందల మీటర్లు! ఉదయగిరిలో సగం గూడా లేదే!"

"నాన్నా, ఆ ముందు 270 మీటర్లకి నాకు దాదాపు నాలుగు గంటలు పట్టింది. అడుగుకి మూడు ఊపిర్లు. ఆ లెక్కన నేను పైకెళ్లేసరికి దాదాపు ఐదు, రెండుకే తిరగాలి. నన్నెవరూ దించలేదు. గైడు అడిగాడు, నేను లెక్కేసి చెప్పా."

"ఆక్సిజన్ ఎంత?"

"పొద్దున కోలెరాలో 68."

బావ ఇంకేం అడగలేదు. నేనడిగాను పోలండ్ ఆయన ఎలా ఉన్నాడని. ఐదున్నర వేలకు దిగేసరికే సొంత పేరు చెప్పాడట. ఈ రోజు డాక్టర్లు చూసి పర్వాలేదన్నారు. అయినా నడవనివ్వకుండా హెలికాప్టర్‌లో పంపుతారు, మిగతా వాళ్లు రేపు పాతిక కిలోమీటర్లు నడిచి ఓర్కోనెస్ చేరాలి. నంబరు వేసిచ్చిన చెత్త సంచీ కూడా గేటు దగ్గర తిరిగి అప్పజెప్పాలి, లేకపోతే ఫైను.

"పర్మిట్ మళ్లా కట్టాల్నా, ఇదే పనికొస్తదా?" అన్నాడు బావ ఉన్నట్టుండి.

"మళ్లీ కట్టాలి నాన్నా."

"ఎంత?"

అక్క ఫోన్ లాక్కుంది. "అదంతా తర్వాత. ముందు ఏం తిన్నావో చెప్పు."

"పిజ్జా."

"యాడ? ఆ కొండ మీదా?"

"ఇక్కడ క్యాంపులో చేస్తారమ్మా. రెండు తిన్నా."

అన్నం ఉడకని చోట పిజ్జా ఎలా కాలుతుందో కనుక్కుని చెప్పమని అక్క నాకు పురమాయించింది.